జర్నల్లో పేపర్ సంగతి తేల్చేది ఎడిటరా, రివ్యూయర్లా? ఇన్ని పోస్టులు ఎప్పుడు పుట్టుకొచ్చాయి?

సగం_థీసిస్:

అందరికీ నమస్తే. జర్నల్ కి పంపిన నా మొదటి పరిశోధన పేపర్ మీద నిన్న రాత్రి డెసిషన్ మెయిల్ వచ్చింది, మేజర్ రివిజన్, అంటే పెద్ద మార్పులు చేసి మళ్ళీ పంపమన్నారు. పేపర్ చదివి అభిప్రాయం చెప్పే బయటి నిపుణుల్లో, అంటే రివ్యూయర్లలో, మొదటాయన చిన్న చిన్న మార్పులు చాలన్నారు, రెండో ఆయన తిప్పి పంపేయమని తేల్చి చెప్పేశారు, ఇలా జరుగుతుందని సీనియర్లు ముందే చెప్పారు కాబట్టి దానికి పెద్దగా కంగారు పడలేదు కానీ ఆ మెయిల్ ని నాలుగైదు సార్లు చదివినా ఒక్క విషయం మాత్రం బుర్రకెక్కలేదు. సంతకం అసోసియేట్ ఎడిటర్ ది. లోపల హ్యాండ్లింగ్ ఎడిటర్ అభిప్రాయం అని విడిగా ఒక పేరా ఉంది, అందులో రివ్యూయర్లిద్దరూ అడగని ప్రశ్న ఒకటి అడిగారు, మూడో బొమ్మలో ఎర్రర్ బార్లు (విలువ ఎంత అటూఇటూ ఉండొచ్చో చూపే గీతలు) దేన్ని చూపిస్తున్నాయో ఎక్కడా రాయలేదేం అని. చూస్తే నిజంగానే రాయలేదు. కింద ఎడిటర్ ఇన్ చీఫ్ పేరు, దాని కింద ఎడిటోరియల్ ఆఫీస్ అని ఇంకొకటి.

మా ల్యాబ్ లో ఫ్రెండ్ ని అడిగితే ఎడిటర్ అంటే పోస్ట్‌మ్యాన్ లాంటివాడు, రివ్యూయర్లు చెప్పింది మనకి అందించడమే ఆయన పని అన్నాడు. నాకు ఆ మాట మింగుడు పడలేదు, ఎందుకంటే ఒకరు సరే అని ఒకరు వద్దు అన్నప్పుడు మధ్యలో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి ఉండాలి కదా. ఈ పనులన్నీ మొదట్నుంచీ ఇలాగే విడివిడిగా ఉండేవా, ఎప్పుడు ఎందుకు విడిపోయాయి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

పాత_సంచికలు:

మీ ఫ్రెండ్ అన్న పోస్ట్‌మ్యాన్ మాటలో సగం నిజం ఉంది, మొట్టమొదటి ఎడిటర్ చేసిన పని అచ్చంగా ఉత్తరాలు అందుకోవడం, ఉత్తరాలు పంపడమే. హెన్రీ ఓల్డెన్‌బర్గ్ అని, జర్మనీలో బ్రెమెన్ లో పుట్టి లండన్ లో స్థిరపడిన మనిషి, అక్కడి శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి సెక్రటరీ. 1665 మార్చి 6న ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ అనే సైన్స్ పత్రిక మొదటి సంచిక తెచ్చారు. దానికి రెండు నెలల ముందే, జనవరి 5న, పారిస్ లో డెనీ ద సాలో జర్నల్ దె సావాన్ అనే పత్రిక మొదలుపెట్టారు కానీ అందులో కొత్త పుస్తకాల పరిచయాలు, చట్టం, చర్చి విషయాలు కూడా ఉండేవి, సైన్స్ ఒక్కటే కాదు.

ఓల్డెన్‌బర్గ్ కి ఎడిటర్ అనే పదవేం లేదు. పత్రిక సొసైటీది కూడా కాదు, ఆయన సొంతం, ఖర్చు ఆయనదే, మిగిలితే గిగిలితే లాభమూ ఆయనదే. యూరప్ నిండా ఉన్న పండితులు ఆయనకి ఉత్తరాలు రాసేవాళ్ళు, ఆయన వాటిలోంచి ఏరి, కావాల్సినవి అనువదించి, కొన్ని కుదించి అచ్చుకిచ్చేవారు. విదేశీ ఉత్తరాలు అంతలా రావడం వల్లే ఇబ్బందుల్లో పడ్డారు కూడా. డచ్ వాళ్ళతో యుద్ధం జరుగుతున్న రోజులవి, 1667 వేసవిలో అనుమానం మీద పట్టుకెళ్ళి టవర్ ఆఫ్ లండన్ లో రెండు నెలలు పెట్టారు. ఆయన తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి గ్రూబెన్‌డాల్ అని ఒక పేరు కల్పించి ఆ పేరు మీద కూడా ఉత్తరాలు తెప్పించుకునేవారు, నాకు ఆయన మీద ఇష్టం కలిగింది ఈ సంగతి చదివాకే. పని ఆగకూడదనే తపన అందులో కనిపిస్తుంది.

మరి పోస్ట్‌మ్యానేనా అంటే కాదు. 1672లో న్యూటన్ కాంతి గురించి రాసిన ఉత్తరం ఓల్డెన్‌బర్గ్ కే వచ్చింది, దాన్ని 80వ సంచికలో వేశారు, తర్వాత వచ్చిన అభ్యంతరాలన్నీ న్యూటన్ కి పంపి జవాబులు రాబట్టి వాటినీ వేశారు. న్యూటన్ కి అది చాలా చిరాకు తెప్పించింది. కానీ ఎవరి మాట ఎవరికి చేరాలి, ఏది అచ్చులోకి వెళ్ళాలి, ఏది లోపలే ఉండిపోవాలి అని తేల్చింది ఓల్డెన్‌బర్గే. ఇప్పుడు మీ మెయిల్లో ఉన్న నాలుగు పేర్ల పనీ ఆ ఒక్క మనిషిదే, ప్రూఫులు చూడడం, డబ్బు లెక్క చూడడంతో సహా. ఆయన 1677లో పోయాక పత్రిక కుంటుతూ నడిచింది, తోకచుక్క హాలీ కూడా కొన్నేళ్ళు ఆ పని చేశారు.

కొలత_బద్ద:

అంటే పీర్ రివ్యూ, అదే అచ్చుకి ముందు సాటి నిపుణులు పేపర్ చూసే పద్ధతి, 1665 నుంచే ఉన్నట్టు కదా? చాలా చోట్ల అలాగే చదివాను, సొసైటీ సభ్యులు ముందు చూసి ఓకే అన్నాకే అచ్చు వేయాలని రూల్ ఉండేదని.

పాత_సంచికలు:

ఆ రూల్ ఉన్నమాట నిజమేనండి, 1665 మార్చి 1న కౌన్సిల్ రాసుకున్న తీర్మానంలో సభ్యులు కొందరు ముందు చూడాలని ఉంది. కానీ దాన్ని ఇప్పటి రివ్యూతో కలపకూడదని నా అభిప్రాయం. అప్పట్లో ఇంగ్లండ్ లో ఏది అచ్చు వేయాలన్నా లైసెన్స్ కావాలి, తన పేరు మీద అచ్చు వేయించే హక్కు సొసైటీకి రాజుగారి చార్టర్ ద్వారా వచ్చింది, అలాంటప్పుడు అందులో రాజద్రోహమో మతద్రోహమో దొర్లితే మెడకు చుట్టుకునేది సొసైటీకే. అందుకని ఒక కన్ను వేసి ఉంచారు. ప్రయోగం సరిగ్గా చేశారా, లెక్క తప్పిందా అని రచయితకి రాతపూర్వకంగా చెప్పే పద్ధతి అది కాదు.

అసలు మార్పు 1752లో వచ్చింది, అదీ పరువు పోయాక. జాన్ హిల్ అనే ఆయన 1751లో సొసైటీ అచ్చు వేసిన వాటిలో పనికిమాలినవి ఏరి ఒక పుస్తకమే రాసేశారు, ఇది మాది కాదు, సెక్రటరీ సొంత పత్రిక అని సొసైటీ చెప్పుకున్నా జనం నమ్మే స్థితి లేదు. దాంతో పత్రికని సొసైటీ తీసేసుకుని కమిటీ ఆఫ్ పేపర్స్ అని పెట్టింది. మీటింగ్ లో చదివిన పేపర్ల మీద ఆ కమిటీ రహస్యంగా ఓటేస్తుంది, అచ్చు వెయ్యాలా వద్దా, అంతే. కారణం రాయక్కర్లేదు. పైగా ప్రతి సంపుటం ముందు ఒక ప్రకటన వేసేవాళ్ళు, ఇందులోని విషయాల నిజానిజాలకి సొసైటీ పూచీ లేదు, రచయితలదే బాధ్యత అని. ఒక్క మనిషి చేతిలో ఉన్న పెత్తనం అలా గుంపు చేతికి వెళ్ళింది, తప్పు జరిగితే ఫలానావాళ్ళు అని వేలు చూపించడానికి ఎవరూ మిగల్లేదు.

రిపోర్ట్ రాయడం అనేది ఇంకో 80 ఏళ్ళకి గానీ రాలేదు. 1831లో విలియం హ్యూవెల్ ఇలా చేద్దాం అని ప్రతిపాదించారు, మొదటి ప్రయత్నం జార్జ్ ఏరీ రాసిన పేపర్ మీద, భూమి శుక్రుడు కదలికల్లో ఒక తేడా గురించిన పేపర్ అది. రిఫరీలు, అంటే ఇప్పటి రివ్యూయర్లు, ఇద్దరు, హ్యూవెల్, జాన్ లబ్బక్. ఇద్దరికీ కుదరలేదు! హ్యూవెల్ ఉద్దేశం ఈ పని ఎంత గొప్పదో లోకానికి చెప్పడం, లబ్బక్ సమీకరణాల్లో లోపాలు పట్టుకుని కూర్చున్నారు. మీ ఇద్దరు రివ్యూయర్లు విడిపోయారని అన్నారు కదా, మొట్టమొదటి జోడీయే విడిపోయింది. చివరికి ఎలాగో కలిసి సంతకం పెట్టిన రిపోర్ట్ 1832లో అచ్చయింది. ఆ రిపోర్టులు అందరూ చదవాలన్నదే మొదటి ఉద్దేశం, ఎక్కువకాలం నిలవలేదు, త్వరలోనే లోపలి కాగితాలైపోయాయి.

వేడి_సమీకరణం:

మంచి చర్చ. లబ్బక్ పేరు వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను, నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా బాధగానే ఉంటుంది.

జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అని ఒక స్కాటిష్ ఇంజనీర్, బొంబాయిలో ఈస్ట్ ఇండియా కంపెనీ కుర్రాళ్ళకి ఓడలు నడిపే విద్య చెప్పేవారు. వాయువు అంటే అటూ ఇటూ పరిగెత్తే కణాలే, ఆ పరుగుకీ ఉష్ణోగ్రతకీ సంబంధం ఇదీ అని లెక్కలతో సహా రాసి 1845లో రాయల్ సొసైటీకి పంపారు. రిఫరీల్లో ఒకరు అదే లబ్బక్. ఇది వట్టి అర్థంలేని రాత, సొసైటీ ముందు చదవడానికి కూడా తగదు అనే అర్థంలో రాసిచ్చారు. అప్పటి పద్ధతి ఏంటంటే సొసైటీకి అందిన కాగితం సొసైటీ ఆస్తి, తిరిగి ఇవ్వరు. వాటర్‌స్టన్ ఇంకో కాపీ ఉంచుకోలేదు. తర్వాత 1857లో క్లాసియస్, 1860లో మాక్స్‌వెల్ అదే దారిలో పేరు తెచ్చుకున్నారు, ఈ ఇంజనీర్ మాత్రం 1883లో ఒకరోజు ఎడింబరోలో ఇంట్లోంచి బయటికెళ్ళి మళ్ళీ కనిపించలేదు. 1891లో లార్డ్ రేలీ సొసైటీ సెక్రటరీగా ఉండగా పాత కట్టల్లో ఈ రాతప్రతి దొరికింది, మరుసటేడు తన ముందుమాటతో అచ్చు వేయించారు. రాతప్రతి బయటపడడానికే 46 ఏళ్ళు పట్టింది!

అయితే రిఫరీలు లేని చోట బాగుండేదా అంటే అదీ లేదు. జర్మనీలో అన్నాలెన్ డెర్ ఫిజిక్ అనే ఫిజిక్స్ పత్రికని పోగెన్‌డార్ఫ్ 1824 నుంచి 1877 దాకా, అంటే 53 ఏళ్ళు ఒక్కచేతి మీద నడిపారు. శక్తి నిత్యత్వం (శక్తి రూపం మారుతుందే కానీ నశించదు అన్న నియమం) గురించి రాబర్ట్ మేయర్ అనే డాక్టర్ 1841లో పేపర్ పంపితే అచ్చూ వెయ్యలేదు, తిప్పీ పంపలేదు, కనీసం అందిందని ఒక ముక్క కూడా రాయలేదు. నిజం చెప్పాలంటే ఆ మొదటి రాతలో ఫిజిక్స్ తప్పులు చాలా ఉన్నాయి, కానీ తప్పులున్నాయని ఎవరైనా ఒకరు చెప్పాలి కదా. మేయర్ దాన్ని తిరగరాసి 1842లో లీబిగ్ నడిపే కెమిస్ట్రీ పత్రికలో వేయించుకున్నారు. 1847లో హెల్మ్‌హోల్ట్స్ రాసినదాన్ని కూడా పోగెన్‌డార్ఫ్ తీసుకోలేదు, ఆయన సొంతంగా చిన్న పుస్తకంగా వేయించుకోవాల్సి వచ్చింది.

కాబట్టి సగం_థీసిస్ గారూ, మీకు రిపోర్టులు చేతికి వచ్చాయి, ఎందుకు వద్దంటున్నారో రాసిచ్చారు, మీరు తిరిగి జవాబు చెప్పే వీలుంది. ఇది చాలామందికి దక్కలేదు.

కొలత_బద్ద:

ఐన్‌స్టీన్ కూడా రివ్యూ అంటే మండిపడ్డారని విన్నాను, నిజమేనా?

వేడి_సమీకరణం:

నిజమే, ఎడిటర్ అంటే ఏంటో తెలుసుకోవాలంటే అసలు చూడాల్సింది ఆ కథే. 1936లో ఐన్‌స్టీన్, నేథన్ రోసెన్ కలిసి గురుత్వ తరంగాలు (గురుత్వాకర్షణ వల్ల పుట్టి వ్యాపించే అలలు) లేవు అని ఒక పేపర్ ఫిజికల్ రివ్యూ అనే అమెరికన్ పత్రికకి పంపారు. ఎడిటర్ జాన్ టేట్. ఆయన స్థానంలో మీరుంటే ఏం చేసేవారో ఆలోచించండి, పంపింది ఐన్‌స్టీన్, లోకం అంతా తెలిసిన మనిషి. టేట్ దాన్ని మామూలు పేపర్ లాగే రిఫరీకి పంపారు, పది పేజీల రిపోర్ట్ వచ్చింది, దాన్ని జతచేసి మీ స్పందన చెప్పండి అని మర్యాదగా రాశారు. ఐన్‌స్టీన్ జులై 27న జవాబు రాశారు, మేము అచ్చు వెయ్యమని పంపాం, అచ్చుకి ముందు ఎవరో నిపుణుడికి చూపించమని మీకు అనుమతి ఇవ్వలేదు, పేపర్ ఇంకోచోట వేసుకుంటాం అని. జర్మన్ పత్రికల్లో అప్పటిదాకా ఆయన చూసింది ఎడిటర్లే చదివి నిర్ణయించే పద్ధతి, అందుకే అంత కోపం వచ్చింది.

తర్వాత తేలిందేంటంటే రిపోర్ట్ కరెక్టే. రిఫరీ హోవర్డ్ రాబర్ట్‌సన్ అని 2005లో గానీ బయటికి రాలేదు. ఆ రాబర్ట్‌సనే ఐన్‌స్టీన్ అసిస్టెంట్ ఇన్‌ఫెల్డ్ తో మామూలుగా మాట్లాడుతూ తప్పు ఎక్కడుందో చూపించారు, 1937లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్లో వచ్చినప్పుడు ముగింపే మారిపోయింది. 2016 ఫిబ్రవరిలో అవే గురుత్వ తరంగాలు దొరికాయని ప్రకటించిన పేపర్ వచ్చింది ఫిజికల్ రివ్యూ లెటర్స్ లో. టేట్ ఆ రోజు మొహమాటపడి ఊరుకుని ఉంటే ఆ తప్పు ఐన్‌స్టీన్ పేరు మీద అచ్చులో నిలిచిపోయేది.

ఇంకో పక్క నేచర్ పత్రిక చూడండి. 1869లో నార్మన్ లాకియర్ మొదలుపెట్టి 50 ఏళ్ళు నడిపారు, అక్కడ ఎడిటర్ తెలిసినవాళ్ళని అడగాలనిపిస్తే అడిగేవారు లేదంటే లేదు. 1953లో వాట్సన్, క్రిక్ ల డీఎన్ఏ పేపర్ బయటి రిఫరీకి వెళ్ళనే లేదు. ప్రతి పరిశోధన పేపర్ కీ బయటి రిఫరీ తప్పనిసరి అని పెట్టింది 1973లో, డేవిడ్ డేవిస్ ఎడిటర్ గా వచ్చాక. మనం అనాదిగా ఉందనుకునే పద్ధతికి అక్కడ వయసు 50 చిల్లర ఏళ్ళే.

మూడో_గడువు:

ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. నేను ఒక జర్నల్ కి ఆరేళ్ళుగా అసోసియేట్ ఎడిటర్ ని, పేరు చెప్పను. చరిత్ర పైవాళ్ళు బాగా చెప్పారు, ఇప్పుడు లోపల ఎలా జరుగుతుందో నేను చెప్తాను.

ముందు ఈ పోస్టులు ఎందుకు విడిపోయాయంటే ప్రధాన కారణం రాశి. 19వ శతాబ్దంలో జార్జ్ స్టోక్స్ రాయల్ సొసైటీ సెక్రటరీగా 1854 నుంచి 1885 దాకా 31 ఏళ్ళు, వచ్చిన భౌతికశాస్త్ర పేపర్లు చాలావరకు తనే చూసుకుని రిఫరీలకి పంపి రచయితలతో ఉత్తరాలు నడిపారు, సొంత పరిశోధన తగ్గిపోయినా ఆ పని వదల్లేదు. అప్పట్లో రాతప్రతి ఒక్కటే ఉంటుంది, ఒక రిఫరీ చదివాక మూటగట్టి రెండో ఆయనకి పోస్ట్ లో వెళ్ళాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పరిశోధనకి డబ్బు, మనుషులు పెరిగి పేపర్లు కుప్పలు పడ్డాయి, ఫోటోకాపీ మిషన్లు వచ్చాక ఒకేసారి ఇద్దరు ముగ్గురికి పంపడం తేలికైంది, సబ్జెక్టులు ఎంత చీలిపోయాయంటే ఒక ఎడిటర్ కి సగం పేపర్లు అర్థమే కావు. అప్పుడు పెద్ద ఎడిటర్ కింద విభాగానికొకరు చొప్పున మాలాంటివాళ్ళు వచ్చారు. కాగితం కదిలించడం, గుర్తుచేయడం, లెక్క పెట్టడం ఎడిటోరియల్ ఆఫీస్ కి పోయింది.

ఇప్పుడు మీ పేపర్ ఏం చూసి ఉంటుందో చెప్తాను. ఆఫీస్ ముందు ఫార్మాట్, వేరే చోటినుంచి కాపీ కొట్టారా అన్నది చూస్తుంది. ఎడిటర్ ఇన్ చీఫ్ ఒకసారి చదివి మా పత్రికకి తగుతుందా లేదా అనుకుంటారు, చాలా పేపర్లు ఇక్కడే ఆగిపోతాయి. తగుతుందంటే నాలాంటి హ్యాండ్లింగ్ ఎడిటర్ కి వస్తుంది. నేను రివ్యూయర్లని వెతకాలి, అసలు కష్టం ఇక్కడే. మొన్న ఒక పేపర్ కి పదకొండు మందిని అడిగితే ఇద్దరు ఒప్పుకున్నారు, అందులో ఒకరు గడువు మూడుసార్లు పొడిగించమన్నారు. రిపోర్టులు వచ్చాక వాటిని పక్కన పెట్టుకుని పేపర్ నేను మొదటినుంచీ మళ్ళీ చదువుతాను. ఇద్దరివీ ఓట్లుగా లెక్కపెట్టను. రెండో ఆయన తిప్పి పంపేయమన్నారు సరే, ఎందుకన్నారు, ఆ కారణం నిలబడుతుందా లేదా అన్నదే చూస్తాను. మీ ఎర్రర్ బార్ల సంగతి పట్టుకున్నారంటే మీ ఎడిటర్ కూడా అలాగే కూర్చుని చదివారన్నమాట. రివ్యూయర్ ఇచ్చేది సలహా, నిర్ణయం ఎడిటర్ ది, పేపర్ లో తప్పు తేలితే రేపు రిట్రాక్షన్ నోటీస్, అంటే పేపర్ ని వెనక్కి తీసుకుంటున్నామన్న ప్రకటన, రాయాల్సిందీ ఎడిటరే.

అందరూ ఇలా చదవరు, ఆ మాట ఒప్పుకుంటాను. టైమ్ లేక రెండు రిపోర్టులు అతికించి పంపేసేవాళ్ళు ఉన్నారు, మీ ఫ్రెండ్ కి అలాంటివాళ్ళు తగిలుంటారు. అది పని మానేయడమే.

ఎడిటర్ పైన కూడా ఒకరుంటారు, పత్రిక సొంతదారు. 1999లో జామా అనే వైద్య పత్రికకి ఎడిటర్ గా 17 ఏళ్ళు చేసిన జార్జ్ లుండ్‌బర్గ్ ని ఒక పేపర్ వేసిన సమయం రాజకీయంగా ఉందని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తీసేసింది, ఎడిటర్ల స్వేచ్ఛ మీద పెద్ద గొడవ అయింది. దీనికి ఎదురు జరిగినవీ ఉన్నాయి, 2015లో లింగ్వా అనే భాషాశాస్త్ర పత్రిక ఎడిటర్లు అందరూ ధరల విషయంలో పబ్లిషర్ తో కుదరక ఒకేసారి రాజీనామా చేసి గ్లోసా అని కొత్త పత్రిక పెట్టుకున్నారు, 2023లో న్యూరోఇమేజ్ అనే మెదడు పరిశోధన పత్రిక వాళ్ళూ అంతే. పత్రిక పేరు కంపెనీది కానీ ఆ పేరుకి విలువ తెచ్చింది ఎడిటర్లూ రివ్యూయర్లూ అని వాళ్ళు చేసి చూపించారు, నేను పూర్తిగా వాళ్ళ పక్షమే.

సగం_థీసిస్:

అబ్బ, ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. వాటర్‌స్టన్ గురించి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మూడో_గడువు గారూ, రెండు ప్రశ్నలు. రెండో రివ్యూయర్ అడిగిన ఒక ప్రయోగం మా దగ్గరున్న పరికరంతో కుదరదు, అది చెయ్యలేం అని నేరుగా ఎడిటర్ కి మెయిల్ రాయొచ్చా, తప్పుగా అనుకుంటారా? ఇంకోటి, మెయిల్ చివర్లో డేటా, కోడ్ పెట్టమన్నారు, అవి నిజంగా ఎవరైనా నడిపి చూస్తారా?

మూడో_గడువు:

తప్పకుండా రాయండి. రివిజన్ పంపేదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే నాలుగు లైన్లలో ఈ ప్రయోగం ఎందుకు కుదరదు, దాని బదులు ఏం చెయ్యగలరు అని అడగండి. నాకు అలా రాసినవాళ్ళంటే గౌరవం, మూడు నెలలు మథనపడి చివర్లో చెయ్యలేదని చెప్పేకంటే చాలా నయం. రివ్యూయర్ తో వాదన లాగా కాకుండా ఎడిటర్ ని సంబోధించి రాయండి, నిర్ణయించేది ఆయనే కాబట్టి.

కోడ్ సంగతి పత్రికని బట్టి ఉంటుంది. చాలాచోట్ల లింక్ పనిచేస్తోందా అని చూసి వదిలేస్తారు. ఎకనామిక్స్ లో మాత్రం గట్టిగా పట్టుకున్నారు, అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2018లో డేటా ఎడిటర్ అని ప్రత్యేకంగా ఒక పోస్టే పెట్టింది, పేపర్ ఒప్పుకున్నాక అచ్చుకి ముందు వాళ్ళ టీం కోడ్ నడిపి టేబుల్స్ లో అంకెలు అవే వస్తున్నాయా అని చూస్తుంది. మీ పత్రికలో అలాంటివాళ్ళు ఉన్నారో లేదో ఎడిటోరియల్ బోర్డ్ పేజీలో కనిపిస్తుంది. లేకపోయినా ఫోల్డర్ ని వేరే కంప్యూటర్ లో పెట్టి మొదటినుంచీ ఒకసారి నడిపి చూసుకోండి, ఆ మూడో బొమ్మ అందులోంచే మళ్ళీ గీయండి, ఎర్రర్ బార్లు స్టాండర్డ్ డీవియేషనా (కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో) స్టాండర్డ్ ఎర్రరా (సగటు ఎంత నమ్మకమైనదో) అన్నది బొమ్మ కిందే రాసేయండి.

సగం_థీసిస్:

ఇప్పుడే చూశాను, స్టాండర్డ్ ఎర్రర్. ఎన్ని శాంపిళ్ళో కూడా రాయలేదు, అదీ కలుపుతున్నా. ఎడిటర్ కి మెయిల్ ఈ రాత్రికే పంపేస్తాను.